సంతకం చెల్లదు

ఆ రెండు మాటలు రాసింది నేనే. సిద్దిపేటలో కరీంనగర్ రోడ్డు వైపున్న ఒక చిన్న ఆఫీసులో, ఏసీ చలికి చున్నీ భుజాల నిండా కప్పుకుని, పట్టుమని పది నిమిషాలు కూడా ఆలోచించకుండా రాశాను.

మా కంపెనీ తయారుచేసేది ఒక లైబ్రరీ. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు, వేరే సాఫ్ట్‌వేర్ల వాళ్ళు తీసుకుని వాడుకునే ప్రోగ్రాములు. డిజిటల్ సంతకంతో వచ్చిన పత్రాన్ని ఎవరైనా కంప్యూటర్లో తెరిస్తే, ఆ సంతకం నిజమైనదేనా, మధ్యలో ఎవరైనా ఒక్క అక్షరమైనా మార్చారా అన్నది మా ప్రోగ్రాము లెక్కకట్టి చెబుతుంది. సంతకం సరిపోతే ఒకటి అంటుంది. సరిపోకపోతే సున్నా. అసలు తనిఖీ చేయడమే కుదరకపోతే, అంటే ఫైలు సగమే వచ్చినా, తేదీల్లో తేడా ఉన్నా, మైనస్ ఒకటి.

నేను చేరిన కొత్తలో ఆ మైనస్ ఒకటి దగ్గరే ఒక పెద్ద తప్పు పట్టుకున్నాను. జవాబు అందుకునే చోట ఎవరో "సున్నా కాకపోతే సంతకం నిజమే" అని రాసి ఉంచారు. మైనస్ ఒకటి కూడా సున్నా కాదు కదా. తనిఖీ చేయలేని పత్రాలన్నిటికీ పచ్చ టిక్కు పడుతోందన్నమాట. ఒక ఫైలును కావాలనే చెడగొట్టి, దానికి పచ్చ టిక్కు ఎలా పడుతుందో వీడియో కాల్‌లో అందరికీ చూపించాను. హైదరాబాదులో ఉండే మా టీమ్ లీడ్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. సరిచేసే పని కూడా నాకే ఇచ్చాడు. ఒకటి వస్తేనే నిజం, ఇంకేం వచ్చినా అబద్ధం అని మార్చేశాను. తెలుగులో చూపించే సందేశం కూడా నన్నే రాయమన్నాడు.

"తనిఖీ చేయలేకపోయినప్పుడు వేరే సందేశం పెడదామా సార్?" అని అడిగాను.

"ఎందుకు ఫెయిలైందో చెప్పామంటే దొంగకు దారి చూపించినట్టే. అనుమానం ఉంటే తలుపు మూసెయ్యాలి. పచ్చ, ఎరుపు, రెండు చాలు" అన్నాడు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. తప్పుల సందేశాల్లోని తేడాలను ఆధారం చేసుకుని తాళాలు విప్పినవాళ్ళ గురించి నేనూ చదివాను. అందుకే వాదించలేదు. ఎరుపు రంగు కింద "సంతకం చెల్లదు" అని రాసి, మిగతా పనిలో పడ్డాను.

అప్పటికి నేను ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో మేడ మీది గది కిరాయికి తీసుకుని నాలుగేళ్ళయింది. ఇంటామెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. వాళ్ళ అమ్మాయి నర్సింగ్ చదివింది. చదువుకునే రోజుల్లో మెట్ల మీద గాలికి కూర్చుని ఎముకల పేర్లు పైకి చదువుతుంటే నాకూ సగం వచ్చేశాయి. చదువు పూర్తయ్యాక ఊళ్ళోనే ఒక ప్రైవేటు దవాఖానలో ఉద్యోగం ఖాయమైంది. సర్టిఫికెట్ ఫైలు మెయిల్ చేయమన్నారు, చేసింది. చేరాల్సిన రోజు పొద్దున ఖాలా నాకూ సేమియా పంపింది.

పదకొండు కాకముందే ఆ అమ్మాయి తిరిగొచ్చింది. ఆ రోజు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. గేటు చప్పుడు విని కిందికి దిగాను.

"ఏమైంది చెల్లె, గింత జల్ది వచ్చినవ్?"

"నా సర్టిఫికెట్ నకిలీదట అక్కా. కౌంటర్ల ఉన్నాయన అందరి ముంగట అన్నడు. సిస్టర్లంత నన్నే చూసిన్రు."

"కంప్యూటర్ల ఏమని వచ్చింది?"

"ఎర్రగ వచ్చింది. సంతకం చెల్లదు అని ఉండె."

నేను రాసిన మాట ఒక మనిషి నోటి నుంచి వినడం అదే మొదటిసారి. మా లైబ్రరీ ఊళ్ళోని దవాఖాన దాకా వచ్చిందా అని, చెప్పడానికి సిగ్గేస్తోంది, క్షణం పాటు సంతోషమే కలిగింది. ఆ తర్వాత నేను అడిగిన ప్రశ్న ఇది:

"సర్టిఫికెట్ కాలేజీలనే తీస్కున్నవా? నడ్మ ఏజెంట్ ఎవరన్న ఉన్నడా?"

లోపలి నుంచి వచ్చిన ఖాలా నా చెయ్యి పట్టుకుంది.

"బేటీ, నువ్వు కంప్యూటర్ చదివినదానివి. అది జూట్ చెప్తదా?"

"చెప్పదు ఖాలా. లెక్క తప్పదు" అన్నాను.

ఖాలా చెయ్యి వదిలేసింది. కూతురి వైపు తిరిగి ఉర్దూలో ఏదో అడిగింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఒక తల్లి కూతుర్ని అనుమానించేలా చేసిన మాట నాది. దవాఖాన గుమస్తాది కాదు.

రెండు రోజుల తర్వాత ఆమె ఫైలు నా ఫోనుకు పంపింది. పక్కన ఒక్క మాట కూడా లేదు. లాప్‌టాప్‌లో తెరిచాను. పచ్చ టిక్కు. మూసి మళ్ళీ తెరిచాను. పచ్చ టిక్కే.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్ళాను. గుమస్తా మర్యాదగానే మాట్లాడాడు. ఫైలు తెరిచి చూపించమంటే చూపించాడు. ఎరుపే వచ్చింది. నేను స్క్రీన్ కింద మూలకు చూశాను. అక్కడ తేదీ ఎన్నో ఏళ్ళ వెనక ఉంది.

"తేదీ తప్పున్నది గదా అన్నా" అన్నాను.

"అది రోజూ గంతే మేడం. లోపల బ్యాటరీ పోయింది. పొద్దుగాల ఆన్ చేస్తే ఎన్కకు పోతది. యాదికుంటే దిద్దుత, లేకుంటే లేదు."

తేదీ దిద్దించి మళ్ళీ తెరిపించాను. పచ్చగా వచ్చింది. కాలేజీ వాళ్ళ సంతకానికి ఫలానా రోజు నుంచి చెల్లుబాటు అని ఉంటుంది. ఈ కంప్యూటర్ లెక్కలో ఆ రోజు ఇంకా రానేలేదు. తనిఖీ కుదరలేదు, మైనస్ ఒకటి వచ్చింది. దాన్ని అబద్ధం కింద వేసిన లైను నాది.

"ఇగ మంచిగనే వచ్చింది" అన్నాడు గుమస్తా. "గని ఆ పోస్టుల నిన్ననే వేరే ఆమె చేరింది."

"నకిలీ కాదని ఆ సిస్టర్లకన్న చెప్పున్రి."

"నేనేమన్న సొంతంగ అన్ననా మేడం? కంప్యూటర్ల ఏమొస్తె అదే చదివిన."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమెకు చెప్పేశాను. "ఆ మాట రాసింది నేనే చెల్లె. తనిఖీ చేసుడు కాకున్నా చెల్లదనే చెప్పేటట్టు రాసిన."

ఆమె మెల్లగా అంది: "తెల్వకపోతే తెల్వదని చెప్పాలె గదక్కా. మాకు మొదలు గదే నేర్పుతరు. బీపీ దొరకకపోతే దొరకలేదని రాయాలె. సున్నా అని రాస్తే మనిషి సచ్చినట్టు."

"అవును."

"సరే, మిషన్‌కు నేను తెల్వదు. నీకు తెల్సు గదా."

ఇంటి ముందు ఆటో ఆగగానే తన వంతు డబ్బులు నా చేతిలో పెట్టి దిగిపోయింది.

ఆ సాయంత్రమే జరిగినదంతా రాసి కంపెనీకి పంపాను. లీడ్ ఫోన్ చేశాడు.

"లైబ్రరీ సరిగ్గానే పనిచేసింది కదా. గడియారం వాళ్ళది."

"ఒకమ్మాయి ఉద్యోగం పోయింది సార్."

"బాధగానే ఉంది. కానీ దీన్ని బగ్ అనలేం. మెరుగుదల అని రాయండి."

అలాగే రాశాను. కొన్ని నెలల తర్వాత వచ్చిన వెర్షన్లో "తనిఖీ చేయలేకపోయాం, తేదీ సరిచూసుకోండి" అని మూడో సందేశం చేరింది. దానితో పాటు వెళ్ళిన మార్పుల పట్టికలో "సందేశాల్లో చిన్న మార్పులు" అన్న ఒక్క ముక్క ఉంది. ఏడాది చివర నా పనితీరును అంచనా వేసినప్పుడు పచ్చ టిక్కు తప్పు పట్టుకున్నందుకు మంచి మాటలు రాశారు. ఈ సంగతి అందులో లేదు. నేనూ గుర్తు చేయలేదు. గుర్తు చేస్తే, ఆ మంచి పని చేసిన చెయ్యే ఈ పని కూడా చేసిందని చెప్పాల్సి వచ్చేది.

ఆ అమ్మాయికి తర్వాత చిన్నకోడూరులో ఒక చిన్న దవాఖానలో పని దొరికింది. జీతం తక్కువ. పొద్దున్నే ఆటోకు పోతుంది. నేను ఇంకా అదే గదిలో ఉంటున్నాను. ఖాళీ చేయమని వాళ్ళు అనలేదు. పండగ రోజు ఖాలా సేమియా గిన్నె పంపుతూనే ఉంది, పైకొచ్చి కూర్చోవడం మాత్రం మానేసింది. ఆ అమ్మాయి ఎదురైతే అక్కా అనే పిలుస్తుంది.

మొన్న ఆమె ఏదో ఆన్‌లైన్ ఫారం నింపాల్సి వచ్చింది. ఇదివరకు అలాంటివన్నీ నా దగ్గరే నింపించుకునేది. ఎర్రటి ఎండలో కాగితాలు సంచిలో పెట్టుకుని నెట్ సెంటర్‌కు నడుచుకుంటూ పోయింది. నేను పైన కిటికీ దగ్గర లాప్‌టాప్ ముందే ఉన్నాను. పిలుద్దామనుకున్నాను, పిలవలేదు.