తల వంచని పడవ

గుమ్మాలు, తలుపులు చేసే ఆ వడ్రంగిని ఊళ్లో అందరూ గడకర్ర అనేవారు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. ముప్పై నాలుగేళ్లపాటు ఇతరుల తలలకు సరిపోయే గుమ్మాలు బిగించి, బిగించిన ప్రతిదానికీ తన నుదురు ఒకసారి సమర్పించుకున్నాడు. భార్య పోస్టాఫీసులో పనిచేసేది. ఆవిడది ఆరడుగుల ఒక అంగుళం. పెళ్లినాడు ఫొటోగ్రాఫరు స్టూలు అడిగాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

పనులు మానేశాక తెరచాప పడవ ఒకటి కొనుక్కుని, తీరం వెంట నెలల తరబడి తిరుగుతూ అందులోనే కాపురం ఉండాలన్నది ఇద్దరి కోరిక. తెరచాప ఎత్తడం, దించడం స్నేహితుల పడవల మీద ఎప్పుడో నేర్చుకున్నారు. సంగతి విని గడకర్ర వదినగారు మూతి విరిచింది.

"ఇంట్లోనే పట్టరు. పడవలో పడతారా?"

ఆ మాటకన్నా పడవల బ్రోకరు మాటలు గడకర్రకు ఎక్కువ ఒళ్లు మండించాయి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు, ఈయనకు రెండు పుట్లు. ఏ పడవ దగ్గరికి తీసుకెళ్లినా ముందు తానే లోపలికి దిగి, నట్టనడుమ నిలబడి చేతులు బార్లా చాపేవాడు.

"చూశారా, ఎంత విశాలమో!"

"ఈయన నిలబడితే అగ్గిపెట్టె కూడా విశాలమే," అని భార్య గొణిగేది.

మొదటి పడవ లోపలి ఎత్తు ఆరడుగుల ఎనిమిదంగుళాలని కాగితంలో రాసి ఉంది. అబద్ధం కాదు. పైకప్పులో గాలికోసం పెట్టిన గాజుమూత కింద, సరిగ్గా తల పట్టేంత చోట, అంత ఎత్తూ ఉంది. అక్కణ్ణుంచి అడుగు పక్కకు వేస్తే నెత్తి బొప్పి కట్టింది.

"ఎనిమిదంగుళాలన్నారు?"

"ఉందిగా సార్. ఇదిగో, ఇక్కడ నిలబడండి."

"వంటా పడకా కూడా ఇక్కడే నిలబడి కానిమ్మంటారా?"

రెండో పడవలో మంచం మీద పడుకుంటే కాళ్లు తాళ్లు పెట్టుకునే అలమరలోకి వెళ్లాయి. మరొకదాంట్లో మోకాళ్లు తలుపు బయట పెడితే తప్ప మరుగుదొడ్డిలో కూర్చోవడం కుదరలేదు. తొమ్మిదోది పళ్ల డాక్టరుగారిది. అద్దంలా మెరిసే చెక్కపని, మెత్తటి దిండ్లు. ఎత్తు మాత్రం ఆరడుగుల మూడంగుళాలు.

"కాస్త వంగితే సరిపోతుందండీ. పడవన్నాక అదే అలవాటవుతుంది," అన్నాడు తెల్ల ప్యాంటు నలగకుండా కూర్చున్న డాక్టరు.

"మీరు నోటికి పట్టని పళ్లసెట్టు ఇచ్చి, కాస్త నోరు ముడుచుకోండి, అలవాటవుతుందంటే ఎవరైనా పెట్టుకుంటారా?" అనేసి గడకర్ర మెట్లెక్కాడు. ఎక్కుతుంటే మళ్లీ నెత్తి కొట్టుకుంది.

తిరిగి వస్తుంటే రేవు చివర, చిరిగిన టార్పాలిన్ కింద, ఆకుపచ్చ ఇనుప పడవ ఒకటి కనిపించింది. నీళ్లమీద గది కట్టినట్టుంది.

"అటు చూడకండి సార్. అది పడవ కాదు, తేలే బీరువా," అన్నాడు బ్రోకరు.

గడకర్రకూ నవ్వొచ్చింది. అంత వికారమైన పడవను అతనెక్కడా చూడలేదు. అయినా బ్రోకరు వద్దన్నాడు కాబట్టి చూసి తీరాలనిపించింది.

పడవ ఒక రిటైరైన నర్సుది. ఆమె భర్త తొమ్మిదేళ్లు కూర్చుని సొంత చేతులతో అతికించుకున్నాడట. పోయి రెండేళ్లయింది. గడకర్ర అలవాటుకొద్దీ మెడ వంచుకుని లోపలికి దిగాడు.

"ఎందుకండీ వంగుతున్నారు? మా ఆయనా మీ అంత ఉండేవారు," అంది నర్సు.

అతను మెల్లగా తల ఎత్తాడు. ఇంకా ఎత్తాడు. కప్పు ఇంకా నాలుగు వేళ్ల పైనే ఉంది. వంటగట్టు దగ్గర భార్య కొళాయి తిప్పి చేతులు కడుక్కుంటోంది.

"ఏవండీ, నడుం వంచకుండానే అందుతోంది."

నర్సు కిటికీ వైపు తిరిగింది.

తర్వాత గడకర్ర వడ్రంగి కళ్లతో చూశాడు. అలమర తలుపులు పరమ దరిద్రంగా ఉన్నాయి. పైగా ఇంత ఎత్తు గది ఉంటే గాలి తోయక ఊరుకోదు. ఆ మాటే అడిగాడు.

"ఎదురుగాలికి అడుగు కదలదు, ఇంజను వేసుకోవాల్సిందే," అంది నర్సు. "ఆయన చచ్చినా ఒప్పుకునేవారు కాదు. నేను ఒప్పుకుంటాను."

ఆరు నెలల పడవల వేటలో అతను విన్న మొదటి నిజం అదే. ఆ పూటే ఖాయం చేసుకున్నారు.

బయల్దేరిన రోజు రేవంతా వేడుక చూడ్డానికి వచ్చింది. తాళ్లు విప్పీ విప్పగానే పక్కగాలి తోసేసరికి పడవ వెళ్లి గట్టుకు కట్టిన టైర్లను గుద్దింది.

"బీరువా బయల్దేరిందోయ్!" అని బ్రోకరు అరిచాడు. గట్టంతా గొల్లుమంది. గడకర్ర చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వనివ్వండి," అంది చుక్కాని పట్టుకున్న భార్య. "సాయంత్రానికి వాళ్లంతా వాళ్ల వాళ్ల బొరియల్లోకి పాక్కుంటూ దూరాల్సినవాళ్లే."

ఇంజను మోతతో, ఓ పక్కకు జారుకుంటూ, ఎలాగైతేనేం రేవు దాటారు.

మూడో రోజు ఒక మలుపులో లంగరు వేశారు. తెల్లవారి ముసురు పట్టింది. పక్కన ఆగిన నాజూకు పడవలో దంపతులు తలలు మోకాళ్లకు ఆనించుకుని కాఫీ తాగుతున్నారు. గడకర్ర వాళ్లను చూసి ముక్కుతో ఒక శబ్దం చేశాడు. తర్వాత లేచి, గది మధ్య ఒంటికాలిమీద నిటారుగా నిలబడి, తీరిగ్గా ప్యాంటు తొడుక్కున్నాడు.