పిన్నిగారి వణుకు

మొన్న ఆపరేషన్‌కు తీసుకెళ్ళే ముందు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పిన్నిగారికున్నంత విశ్వాసం నాకు లేదు. కాళ్ళు వణుకుతున్నయ్. దేవుడు గిట్ల భయపడేటోళ్ళ మాట వింటడా?" అంది. పిన్నిగారి కథ ఆమెకు చెప్పింది నేనే. మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పే ప్రతి కూడికలోనూ చెప్పాను. తప్పుగా చెప్పాను.

అరవైల చివర యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ తార్నాకలో, నేను పిన్నిగారని పిలిచే ఆవిడ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఆమెది తెనాలి వైపు, నాది మెదక్ వైపు. ఇద్దరం క్రైస్తవులమే గనుక ఆమె నన్ను అద్దెకున్నవాడిగా కాక, ప్రార్థనకు ఆలస్యంగా వచ్చే పిల్లవాడిగా చూసేది. భర్త రైల్వేలో గార్డు. లాలాగూడ నుంచి డ్యూటీకెళితే రెండు మూడు రోజులకు గాని వచ్చేవాడు కాదు. అందుకని సాయంత్రం ప్రార్థనలో సగం ఆయన బండికే పోయేది. ఇంజను, బొగ్గు, వంతెనలు, సిగ్నళ్ళు అన్నీ దేవుడికి అప్పగించాకే మా వంతు. ప్రార్థన అయ్యేదాకా వీధి తలుపు గడియ వేయకూడదని ఆమె నియమం. ఎవరైనా వస్తే కూర్చోవడానికి ఒక కుర్చీ ఖాళీగా ఉంచేది. దాని మీద ఎక్కువగా పక్కింటి పిల్లి కూర్చునేది.

ఆ ఏడు ప్రత్యేక రాష్ట్రం కావాలని ఉద్యమం రేగింది. క్లాసులు ఆగిపోయాయి. కోస్తావాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్నాయి. ఒక సాయంత్రం క్యాంపస్ వైపు నుంచి కేకలు దగ్గరయ్యాయి. మా కిటికీ అద్దం భళ్ళున పగిలింది. నా సాక్ష్యంలో పిన్నిగారు అప్పుడు కీర్తన పాడుతూ చిరునవ్వుతో వెళ్ళి తలుపు తీసేది. జరిగింది అది కాదు. ఆమె తానే గడియ వేసి, బియ్యం డబ్బా ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. మంచం పక్కన నేల మీద కూలబడి ప్రార్థన మొదలుపెట్టబోతే మాటలు రాలేదు. రోజూ సిగ్నళ్ళతో సహా అప్పగించే మనిషి "తండ్రీ, తండ్రీ" అనడం తప్ప ఇంకేమీ అనలేకపోయింది.

వీధిలో పోలీసులు బాష్పవాయువు వదిలారు. పరుగుల చప్పుడు. ఎవరో తలుపు బాదారు. "అక్కా, జర తలుపు తియ్యుండ్రి. కండ్లు మండుతున్నయ్. నీళ్ళు గావాలె."

గొంతు గుర్తుపట్టాను. నా క్లాసువాడే. "తియ్యకుండ్రి పిన్నీ, గింతకుముందు రాళ్ళేసింది వీళ్ళే," అన్నాను.

"తెలుసు నాయనా. నాకు చచ్చేంత భయంగా ఉంది. ఆ డబ్బా జరుపు," అంది.

నేను కదల్లేదు. ఆమే జరిపింది. వాణ్ణి ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది. చేతులు వణికి చెంబులో నీళ్ళు సగం వాడి చొక్కా మీదే ఒలికాయి. వాడు తడిగుడ్డ కళ్ళకు అదుముకుని, "అద్దం పైసలు ఇస్తనక్కా," అన్నాడు. "ముందు కళ్ళు తెరువు," అంది.

వాడు వెళ్ళాక అడిగాను, దేవుణ్ణి నమ్మినవాళ్ళకు అంత భయమెందుకని. "ఆయన నన్ను వదలడని తెలుసు. కాళ్ళకు తెలియలేదు. వణుకుతున్నదాని పక్కనే కూర్చున్నాడు కదా, అది చాల్లే," అంది.

మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు ఈ మాట ఉంది. కాని వణుకు దగ్గర ఎవరూ ఆమెన్ అనలేదు. మరుసటిసారి దాన్ని తీసేశాను; ఆ తరువాత కీర్తన చేర్చాను. ఇదంతా ఆసుపత్రి వరండాలో మా ఆవిడకు చెప్పాను. "బియ్యం డబ్బానా?" అని నవ్వింది. ఆ నవ్వుతో కాళ్ళ వణుకేమీ ఆగలేదు. అలాగే కళ్ళు మూసుకుని "తండ్రీ" అంది, స్ట్రెచర్ కదిలింది.

ఇప్పుడు ఇంట్లో కోలుకుంటోంది. పిన్నిగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళూ నేను దాచిన ఆమె వణుకును కాలం తిప్పి తిప్పి మా ఇంటికే తెచ్చి, ఖాళీ కుర్చీ చూసి కూర్చోబెట్టింది.