మంట రాకముందే కూత

మా తాత విల్‌ఫ్రెడ్ ఏదెను తోటకి ఎలక్ట్రీషియన్‌గా ఉండి ఉంటే మనుషులందరం ఇప్పటికీ ఆ తోటలోనే కాపురం ఉండేవాళ్ళం. పాము ఇంకా గోడకి అవతల ఉండగానే తాత బిగించిన హూటర్ కూసేది. హవ్వ విసుక్కుంటూ చెవులు మూసుకునేది తప్ప పండు మీద చెయ్యి వేసేది కాదు.

ఆయనకున్న జబ్బు అదొక్కటే. ప్రమాదం వచ్చాక మోగేది ఆయన దృష్టిలో అలారమే కాదు. “వొచ్చినాక అరవడానికి పక్కింటోళ్ళు సాలరా? దానికి కరెంటు కూడా దండగే” అనేవాడు.

కలకత్తాకి ఇవతల రైల్వే ఊళ్ళో, సుభాష్‌పల్లిలో మా ఇంట్లో దేవమణి మామ్మ పాలగిన్నె పొయ్యి మీద పెట్టి అగ్గిపెట్టె వెతుక్కుంటూ ఉంటే, వరండాలోంచి కేక వినిపించేది.

“పొంగిపోతన్నాయే!”

“ఇంకా ఎలిగించనేదయ్యా!”

“అయితే మరీ మంచిది. ఇప్పుడే దింపేయ్.”

చర్చిలో పాస్టరుగారు ప్రార్థనకి కళ్ళు మూసుకోగానే తాత “ఆమెన్” అనేసేవాడు. వెనక బెంచీల వాళ్ళు లేచి చెప్పులు వెతుక్కునేవారు. ఇక విజయనగరం వెళ్ళాలంటే, మేం స్టేషనుకి చేరేసరికి అంతకుముందు రోజు ఆలస్యమైన బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉండేది.

రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరై, నొక్కడానికి మీటలు లేక తాత చేతులు దురదపెడుతున్న రోజుల్లో, తొంభై మూడులో, గోల్‌బజార్ వెనక సందులో జ్ఞానప్రకాశం బేకరీకి డిజిటల్ కంట్రోలర్ వచ్చింది. జ్ఞానప్రకాశం చెయ్యి గట్టి మనిషి. మంటని తనంతట తానే తగ్గించే సామాను ఖరీదెక్కువని మానేసి, వేడిని ఎర్రటి అంకెల్లో చూపించి కూత పెట్టే డబ్బా ఒక్కటే కొన్నాడు. కూత వినగానే బేకరీలో పనిచేసే సూసన్న మామ్మ వెళ్ళి బొగ్గు పొయ్యికి గాలి తగిలే పలక మూసెయ్యాలి.

మా తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో క్రిస్మస్ కేకు పిండి ఇంట్లోనే కలుపుతారు. టిన్ను మీద పేరు గీసి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని బేకరీకి తీసుకెళ్తారు. కాల్చేది సూసన్న మామ్మ. ముందు గదిలో టిన్నులు అందుకోవాలి, వెనక గదిలో పొయ్యి చూసుకోవాలి. మధ్యలో ఒక పొడుగాటి నడవ. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి గానీ, ఆ మాట పైకి అన్నవాళ్ళకి అట్లకాడ చూపించేది. నడవలో చెయ్యి అందించబోయిన పాస్టరుగారికి కూడా చూపించింది.

కంట్రోలర్ కంపెనీ వాళ్ళు పంపినప్పుడు అలారం రెండువందల ఇరవై డిగ్రీల దగ్గర ఉంది. తాత దాన్ని నూట తొంభైకి దించాడు. ఇంక చూడండి, ఆ సందులో కుక్కలకి కూడా నిద్ర లేదు.

“మావా, కేకు ఎచ్చబడకముందే కూత్తాదేటి?” అని జ్ఞానప్రకాశం తల పట్టుకున్నాడు.

“కాలినాక కూత్తే నీకు బాగుంటాదా?”

సూసన్న మామ్మ పొయ్యి దగ్గర్నించి అరిచేది: “పిరికోడా! రైల్లో ఇంజన్లు నువ్వే సూసినావంటే నానెలా నమ్మాల?”

తాత పళ్ళికిలించేవాడు.

చివరికి పండగ వారంలో, తాత లేనప్పుడు చూసి, జ్ఞానప్రకాశం కలకత్తా నుంచి మెకానిక్‌ని పిలిపించాడు. ఆ కుర్రాడు రెండు మీటలు కలిపి నొక్కిపట్టి, డబ్బాని కంపెనీ పంపినప్పటి అంకెలకి తీసుకొచ్చేశాడు. “దాదా, ఫ్యాక్టరీ సెట్టింగ్. సబ్ ఠీక్ హై” అని, పెట్టిన మిష్టీ మిఠాయి తిని వెళ్ళిపోయాడు.

మర్నాడు బేకరీలో చక్కటి నిశ్శబ్దం. మధ్యాహ్నానికి హూటర్ ఒకే ఒక్కసారి మోగింది. సూసన్న మామ్మ గోడ పట్టుకుని వెనక గదికి చేరేసరికి పొయ్యిలోంచి నల్లటి పొగ. బయటికి తీసిన టిన్నుల్లో ఎండుద్రాక్ష ఏదో, బొగ్గు ఏదో తేల్చడం కష్టమైంది. అందులో మాదీ ఉంది.

ఊరి ఆడవాళ్ళంతా సందులో చేరారు. జ్ఞానప్రకాశం తలొంచుకుని అన్నాడు: “సూసన్నత్తా, ఇంక నీ వొల్ల కాదు. రేపట్నించి ఇంటికాడే కూకో.”

సూసన్న మామ్మ అట్లకాడ ఎత్తలేదు. దాన్ని గోడకి ఆనించేసింది.

అప్పుడు గుంపు వెనకనుంచి తాత గొంతు. “ఆగెహె! ఆ మెకానిక్కు ఎల్లినాక మల్లీ నేనే కెలికినాను. తప్పు నాది.”

అందరూ వెంటనే నమ్మేశారు. అలాంటి పేరు సంపాదించడానికి తాతకి ఒక జీవితం పట్టింది మరి.

“నీ సేతులిరిగిపోను!” అంది దేవమణి మామ్మ, అందరి తరఫునా.

“ఇరగనీ. ముందు అంకె సరిసెయ్యనీ.” తాత అలారాన్ని మళ్ళీ నూట తొంభైకి దించి, ఇంకెవరూ మార్చకుండా తనొక్కడికే తెలిసిన అంకెలతో డబ్బాకి తాళం వేసేశాడు.

“మల్లీ ముందే కూత్తాదా మావా?”

“సెవుల్లో దూదెట్టుకో.”

ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ పిండి కలిపి తెచ్చారు. నేను మా టిన్నుకి కాపలాగా పొయ్యి పక్కనే కూర్చున్నాను. నూట తొంభై. హూటర్ కూసింది. “సచ్చినోడా, వొత్తన్నాను!” అని ముందు గదిలోంచి తిట్టు. నడవలో కాళ్ళీడుస్తున్న చప్పుడు. రెండువందలు. గోడ మీద అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు. రెండువందల పది. సూసన్న మామ్మ గుమ్మంలోకి వచ్చింది, ఊపిరి తీసుకుంది, పలక మీద చెయ్యి వేసి మూసింది. అంకె రెండువందల పంతొమ్మిది దగ్గర ఆగి, కిందికి దిగింది.

“సూసినావేటే? నానొచ్చినాక దీనికి నోరు నెగదు” అంది నాతో, అట్లకాడ ఊపుతూ.

ఇంటికి వస్తూ, వేడి కేకు ఒళ్ళో పెట్టుకుని, రిక్షాలో తాతని అడిగాను: “తాతా, ఆ అంకె నువ్వు మంటని సూసి ఎట్టినది కాదు. సూసన్న మామ్మ మోకాళ్ళని సూసి ఎట్టినావు. గదా?”

రిక్షా సందు మలుపు దాటింది. తాత నా వైపు తిరిగాడు.

“నీ నోటికి గూడా ఒక అలారం బిగించాలే. మాట రాకముందే కూసేది.”