పటేల్ నంబరు చెల్లదు

మేడ్చల్‌లో ఒక స్కూలుకు ఆన్‌లైన్ అడ్మిషన్ ఫారం తయారుచేశాను. తల్లిదండ్రులు నింపిన వివరాలు సరైనవో కావో సర్వర్‌లో నేను రాసిన కోడే తేలుస్తుంది. ఆ వారమే మా ఊరు అత్వెల్లిలో ఒక పెళ్లిలో ఊరి పెద్ద పటేల్ మా బాపును అందరి ముందూ లేపాడు. "నీ బిడ్డ కంప్యూటర్ సదివితే నువ్వు నా ముంగట కుర్సీల కూసుంటవా? లే."

మర్నాడే కోడ్‌లో ఒక లైను చేర్చాను. పటేల్ ఫోన్ నంబరుతో ఏ ఫారం వచ్చినా 'నంబరు చెల్లదు' అని తిరిగిపోవాలి. నాలుగు రోజుల్లో పదకొండు సార్లు తిరిగిపోయింది. మనవడి సీటు కోసం తంటాలు పడుతున్నాడనుకుని ప్రతిసారీ కడుపు నిండా సంతోషించాను.

ఐదో రోజు మా పక్కింటి యాదమ్మ ఆఫీసుకు వచ్చింది. "మనవరాలి ఫారం తీసుకుంటలేదు బిడ్డా. పటేల్ వాకిట్ల నిలబడి ఆయన ఫోన్లనే, ఆయన నంబరుతోనే నింపిచ్చిన. మన వాడకట్టోళ్లందరం గట్లనే నింపిచ్చినం."

ఆ పదకొండూ మావాళ్ల పిల్లలవే. గడువు ఇంకొక్క రోజే ఉంది.

ఆ లైను తీసేశాను. యాదమ్మను నా కుర్చీలో కూర్చోబెట్టి ఫారం నేనే నింపాను. నంబరు గడిలో నా నంబరు కొట్టాను. చేసింది చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మిగతా పది ఫారాలూ గడువులోపే అలాగే నింపాను.

ఇప్పుడు మా వాడకట్టు ఫారాలన్నీ నా నంబరుతోనే వెళ్తాయి. పటేల్ వాకిట్లో నిలబడేవాళ్లు ఎవరూ లేరు.