కుప్పం బస్సులో అమెరికా తగాదా

నన్ను ఉపన్యాసానికి పిలిచేవాళ్లు ఈ రోజుల్లో తక్కువ. అందుకే గాజా యుద్ధం అమెరికా సమాజాన్నీ రాజకీయాలనూ ఏం చేసిందో గంటసేపు చెప్పమని కుప్పంలో ఒక కాలేజీవాళ్లు ఫోన్ చేస్తే, వాళ్ల మాట పూర్తికాకముందే ఒప్పేసుకున్నాను. రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. అమెరికా ఎన్నడూ చూడలేదు. అయినా దాన్ని గురించి నాకు తెలియనిది లేదని మదనపల్లెలో ఇద్దరు ముగ్గురు నమ్ముతారు. వాళ్లలో నేనొకణ్ణి.

ఉదయం ఆరున్నరకు బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా నాలుగు గంటల ప్రయాణం. ఎడమవైపు కూర్చుంటే ఎండ ముఖాన కొడుతుంది. నేను ఎడమవైపే కూర్చున్నాను. పక్కన ఒక తెల్లమ్మాయి. పేరు లారా. కుప్పం దగ్గర పల్లెబడిలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతోందట. అమెరికా మనిషి! నా పంట పండిందనుకున్నాను.

పుంగనూరు వచ్చేలోపు ఆమె దేశం సంగతి ఆమెకే వివరించేశాను. ఆయుధాలిచ్చింది ప్రభుత్వం, నిరసన గుడారాలు లేచింది కాలేజీల్లో, ఒక్క పార్టీలోనే కుర్రాళ్లొక దారి, పెద్దలొక దారి. పుంగనూరులో చింతపండు సంచితో ఒక పెద్దావిడ ఎక్కి మా సీట్లోనే సర్దుకుంది. నేను ఆగలేదు. "ఇంట్లో తండ్రీకొడుకులు కొట్లాడుకుంటున్నారంటే ప్రజాస్వామ్యం ఆరోగ్యంగా ఉన్నట్టు!" అని నా ఇంగ్లీషులో ముగించాను. లారా కళ్లనిండా నీళ్లు. నా వాక్యం అంత బాగా వచ్చిందా అనుకున్నాను.

"ఏందప్పా, ఆ పాపనేమన్నావు?" అంది పెద్దావిడ.

"ఏమీ అనలేదమ్మా. రాజకీయాలు."

"రాజకీయాలకు యాల ఏడస్తాది? ఇంత వయసొచ్చినోడివి, సిగ్గుండల్లా?"

బస్సు మొత్తం నావైపు తిరిగింది. "సార్, మీరు ముందుకొచ్చి కూర్చోండి" అన్నాడు కండక్టరు. నన్ను కాపాడింది లారాయే. కళ్లు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది. రెండు నెలల్లో ఆమె పెళ్లి. తమ్ముడు కాలేజీలో గుడారం వేశాడు, పోలీసులు పట్టుకెళ్లారు. "బందీలుగా చిక్కినవాళ్ల మాటేమిటి?" అన్నాడు తండ్రి. "గాజాలో చచ్చిపోతున్న పిల్లల మాటేమిటి?" అన్నాడు కొడుకు. అంతే, అప్పట్నుంచి మాటల్లేవు. వాడొస్తే పెళ్లికి నేను రానని ఆయన, ఆయనొస్తే నేను రానని వాడు. "అమ్మ లేదు. నాకున్నది వీళ్లిద్దరే" అంది. సిగ్గుతో నా తల వాలిపోయింది.

పెద్దావిడకు తెలుగులో చెప్పాను. పేరు మునెమ్మట. "ఓస్, మా సర్పంచి ఎలక్షన్ల మాదిరే ఉండాదే" అన్నాడు వెనక సీటాయన.

"నా పెండ్లప్పుడూ ఇంతే" అంది మునెమ్మ. "మా నాయినొక పార్టీ, పెదనాయినొక పార్టీ. పత్రిక పంపితే సించేస్తారు. పెండ్లికూతురే పోవాల. కుంకుమ పట్టుకోని గడపకాడ నిలబడాల. వస్తామనేదాకా లోపలికి పోకూడదు, నీళ్లిచ్చినా తాగకూడదు. ఆడబిడ్డను దప్పికతో ఎంతసేపు నిలబెడతారు?"

"వచ్చినారా?" అన్నాడు వెనక సీటాయన.

"వచ్చినారు. మాట్లాడుకోలా. తిని పోయినారు. సాలదా?"

ఇది లారాకు చెబుతూ ఆచారాల గురించి నా సొంత వ్యాఖ్య కూడా కాస్త తగిలించాను. "ఆవిడ చెప్పింది మాత్రమే చెప్పండి" అంది లారా.

పలమనేరులో పదిహేను నిమిషాలు ఆపాడు. స్టాండు బయట ఇడ్లీ బాగుంది, కాఫీ మాత్రం నమ్మకండి. లారా ఏమీ ముట్టలేదు. ఓ పక్కకెళ్లి తండ్రికి ఫోన్ చేసింది. నేను సిగ్గు లేకుండా చెవి అటే వేశాను. నువ్వొస్తాననేదాకా నీళ్లు తాగనంది. అక్కడ రాత్రి కదా, నిద్రపోవాలంటూ ఆయన పెట్టేశాడు.

"ఫోన్లో గడప యాడుండాది తల్లీ?" అంది మునెమ్మ. "మనిషి పోవాల. ఇప్పుడు తాగు, ఈడ తాగొచ్చు." మాటమాటా అనువదించాను, నా వ్యాఖ్యలేమీ లేకుండా. లారా సీసా ఎత్తి గటగటా తాగేసింది.

వి.కోటలో దిగేముందు మునెమ్మ సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి లారా చేతిలో పెట్టింది. పదకొండుకు ముందే కుప్పం చేరాం. లారా నా నంబరు తీసుకుని వెళ్లిపోయింది.

ఉపన్యాసంలో ఆ ఆరోగ్యం వాక్యం దగ్గరకొచ్చేసరికి కాగితం తిప్పేశాను. దాన్ని వదిలేస్తే వెనకున్నదంతా కూలిపోయింది. నలభై నిమిషాల్లో ముగించాను. పిల్లలు నా జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా చప్పట్లు కొట్టి భోజనాలకు పరుగెత్తారు.

సాయంత్రం తిరుగు బస్సు పలమనేరు దాటాక లారా మెసేజ్ వచ్చింది. వచ్చే వారానికి టికెట్ తీసుకుందట. ముందు నాన్న ఇంటికి, ఆ తర్వాత తమ్ముడి ఊరికి. "వాళ్లు కాదంటే?" అని అడిగింది. ముప్పై ఏళ్ల పాఠాలు పక్కనపెట్టి మునెమ్మ మాటే రాసి పంపాను: "ఆడబిడ్డను దప్పికతో ఎంతసేపు నిలబెడతారు?" భయమేసింది, సొంత బిడ్డను పంపుతున్నట్టు.

పుంగనూరు దగ్గరపడుతుంటే గంగమ్మ గుడి ఉన్న బోయకొండ వైపు తిరిగి చేతులు జోడించాను. గుళ్లూ గోపురాలూ తిరిగే మనిషిని కాను. గుండు మొక్కుకుందామన్నా తలమీద ఏమీ మిగల్లేదు. కొబ్బరికాయలు కొడతానన్నాను. "గంగమ్మ తల్లీ, ప్రజాస్వామ్యం సంగతి తర్వాత చూద్దువు. ముందు ఆ పిల్ల ఏ గడప దగ్గరా ఎక్కువసేపు నిలబడకుండా చూడు."