తుడిచేసిన తెల్ల చుక్కలు

పటాన్‌చెరులో ఇంట్లో కూర్చుని నెగటివ్ స్కాన్ చేయాలంటే ముందు దుమ్ముతో తగువు పడాలి. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, నేలంతా తడిగుడ్డతో తుడిచినా సరే, స్కానర్ అద్దం మీద నల్లటి పొడి ఎక్కడినుంచో వచ్చి వాలుతుంది. దాని దుంప తెగ! నెగటివ్ మీద నలుసు ఎంత నల్లగా ఉన్నా, ఫొటోలో తెల్ల చుక్కై కూర్చుంటుంది.

చిట్కుల్‌లో ఉండే మా మేనత్త ఒక నెగటివ్ తెచ్చింది. మామ ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను పుట్టకముందే పోయాడు. అత్త రోజూ స్నానం చేసి తడిచేత్తోనే ఆయన ఫొటో అద్దానికి బొట్టు పెట్టేది. ఆ తడి లోపలికి దిగి దిగి ఫొటోలో మొహం ఊడిపోయింది. ఈ నెగటివ్ తప్ప ఆయనకు ఇంకో ఫొటో లేదు.

"మొకం యాదికొస్తలేదు బిడ్డా. కండ్లు మూస్తే అంగి కనవడ్తది, మొకం కనవడ్తలేదు. జెర తీసియ్యి," అంది.

నాకు భయమేసింది. ఒళ్లు దగ్గర పెట్టుకుని, అంచులు మాత్రమే పట్టుకుని, రబ్బరు బుడ్డితో ఊది ఊది స్కాన్ చేశాను. అయినా మొహం నిండా తెల్ల చుక్కలే. ఛీ అని విసుక్కుని, కంప్యూటర్లో దుమ్ము తుడిచే బటన్ నొక్కాను. మొహం నున్నగా పెళ్లికొడుకులా తేలింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అత్త వంగి చూసింది. "గీయనెవరు?"

"మామనే గదా అత్తా!"

"కాదు. మీ మామ మొకం మీద నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలుండె, తెల్లగ. నేనే కొబ్బరినూనె రాస్తుంటి. గవన్నీ ఏడికి పోయినయి?"

దుమ్మనుకుని మనిషినే తుడిచేశాను. గబగబా మొదటి స్కాన్ తెరిచాను. "వచ్చిండు," అంటూ అత్త భోరుమంది. ఒక్కో మచ్చ మీదా వేలుపెట్టి తడుముకుంటూ పోయి, కనుబొమ్మ దగ్గరి చుక్క మీద ఆగిపోయింది.

"ఇది ఆయనదా, దుమ్మా?"

మళ్లీ ఊదాను. మెత్తటి బ్రష్‌తో దులిపి మళ్లీ స్కాన్ చేశాను. చుక్క కదల్లేదు. ఫిల్ముకు అతుక్కుపోయిన దుమ్మూ అలాగే కదలదు. నాకు తెలియదని చెప్పేశాను.

"నాకెర్కుండాలె గదా బిడ్డా. పక్కల పండుకున్నదాన్ని, నాకెర్కుండాలె," అంది.

"పోనీ, అదొక్కటి తుడిచెయ్యనా అత్తా?"

"వద్దు, వద్దు! ఆయనదైతే?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.