లోపం లేదు

మెట్ల కింద, మనిషి నిటారుగా నిలబడితే తల తగిలేంత చోటులో లాప్‌టాప్‌లు బాగుచేసే ఆయన్ని ఆ వీధంతా వైరు బాబాయి అంటుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినపడదు. ఎవరు ఏ యంత్రం తెచ్చినా, బల్ల మీద పెట్టీ పెట్టకముందే పైకప్పు నుంచి వేలాడే నీలం నెట్‌వర్క్ వైరు లాగి దానికి గుచ్చడం ఆయన అలవాటు. వైర్‌లెస్ అంటే చిన్నచూపు. గాలిలో వచ్చేదాన్ని నమ్ముకుని పని చేయడమేమిటని ఏళ్ల తరబడి వాదిస్తున్నాడు. ఆ వాదన వినేవాళ్లు దొరకనప్పుడు పక్క కొట్టు దర్జీకి వినిపిస్తాడు. దర్జీ నోట్లో గుండుసూదులు ఉంటాయి కాబట్టి ఎదురు చెప్పడు.

ఇంకో అలవాటు చీటీ. తెచ్చినవాళ్లు చెప్పిన బాధను వాళ్ల మాటల్లోనే అంటుకునే కాగితం మీద రాసి, యంత్రం అడుగున అతికిస్తాడు. పని అయ్యాక దాని కిందే తన తీర్పు. అంతా బాగుందనిపిస్తే ‘లోపం లేదు’ అని రాసి గట్టిగా ఒక గీత గీస్తాడు. నిజం చెప్పాలంటే, ఆ గీత గీయడమంటే ఆయనకు మహా ఇష్టం.

లెక్కల టీచరు లాప్‌టాప్ అడుగున అలాంటి చీటీలు మూడు చేరాయి. ఆవిడ ఇంట్లో కూర్చుని వీడియోలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. ‘అరగంట బాగానే ఉంటుంది, తర్వాత బిగుసుకుపోతుంది’ అన్నది మొదటి చీటీ. మెమరీ చాలడం లేదనుకుని బాబాయి దాన్ని రెట్టింపు చేశాడు. అరగంటకు వచ్చే రోగం గంటకు వచ్చింది, అంతే. రెండోసారి సిస్టమ్ మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించాడు. మూడోసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల మీద వీడియోలు ఆడించాడు. చీమ కుట్టినట్టయినా లేదు దానికి. మూడుసార్లూ గీత గీశాడు. చివరిసారి, అక్కర్లేనివన్నీ ఒకేసారి తెరవకండమ్మా అని మెత్తగా సలహా కూడా ఇచ్చాడు. క్లాసు ఒక్కటే తెరుస్తానంది ఆవిడ. బాబాయి నవ్వి ఊరుకున్నాడు.

నాలుగోసారి వచ్చినప్పుడు ఆవిడ లాప్‌టాప్‌ను ఆయన చేతికివ్వలేదు. గుండెకు హత్తుకునే నిలబడింది.

“బాబాయి గారూ, నాలుగింటికి క్లాసుంది. ఇవాళ కూడా మధ్యలో ఆగిపోతే ఈ పిల్లల్ని వేరే టీచరుకి ఇచ్చేస్తామన్నారు మా హెడ్మిస్ట్రెస్. ఇక్కడే కూర్చుని చెప్పుకుంటాను. నేనేం తప్పు చేస్తున్నానో మీరే చూసి చెప్పండి.”

ఆ రోజు బల్ల మీద ఒక ప్రింటరు పేగులన్నీ బయటపెట్టుకుని పడి ఉంది. కదిపితే ఏ స్ప్రింగు ఎటు ఎగురుతుందో తెలియదు. అందుకని టీచరును గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు ఒక అట్టపెట్టె బోర్లించాడు. నీలం వైరు అక్కడిదాకా రాదు. కూతురి పోరు పడలేక కొట్టులో పెట్టించిన వైర్‌లెస్ ఒకటుంది. ఈ ఒక్కపూటకీ దాన్నే వాడుకోమన్నాడు, ముఖం కాస్త చిట్లించి.

క్లాసు మొదలైంది. తెర మూలన మెమరీ వాడకం చూపించే చిన్న కిటికీ తెరిచి పెట్టుకుని, బాబాయి ఆవిడ వెనకాల నిలబడ్డాడు. ఆవిడ నిజంగానే క్లాసు ఒక్కటే తెరిచింది. అయినా అంకె ఎక్కుతోంది. ముప్పై, నలభై, యాభై శాతం. “విడివిడిగా ఉన్నవన్నీ కూడితే మొత్తం రావాలి,” అని పిల్లలకు చెబుతోంది టీచరు. “రాలేదంటే, మనం దేన్నో చూడకుండా వదిలేశామన్నమాట.”

బాబాయి కళ్లజోడు సర్దుకుని, తెర మీద ప్రోగ్రాముల పక్కనున్న అంకెలన్నీ ఒక చీటీ వెనక రాసి కూడాడు. మొత్తంలో సగం కూడా రాలేదు. మిగతా సగం ఏ ప్రోగ్రాము పేరు మీదా లేదు. బల్ల మీద ఎన్నడూ కనిపించని ఈ మాయ ఇక్కడెలా వచ్చిందా అని తల ఎత్తాడు. పనిలేకుండా వేలాడుతున్న నీలం వైరు కనిపించింది. ఆయన చెవులు సిగ్గుతో వేడెక్కాయి.

టీచరు ఇంట్లో వాడేది వైర్‌లెస్. దాన్ని నడిపించేందుకు డ్రైవరు అని ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. ఈ లాప్‌టాప్‌లోది గాలిలో వచ్చిన ప్రతి ముక్కకూ కాస్త మెమరీ తీసుకుని, పని అయ్యాక వదలడం మరిచిపోతోంది. లాప్‌టాప్ వచ్చీరాగానే బాబాయి వైరు గుచ్చేవాడు కాబట్టి, ఆయన దగ్గరున్నంతసేపూ ఆ డ్రైవరుకు పనే పడలేదు. పైగా సిస్టమ్ కొత్తగా ఎక్కించినప్పుడు అదే డ్రైవరును తన చేత్తోనే మళ్లీ పెట్టాడు.

అంకె తొంభైకి చేరింది. క్లాసు ఇంకా అరగంట ఉంది. తెర మీద పిల్లల ముఖాలు ఆగి ఆగి కదులుతున్నాయి. టీచరు గొంతు సన్నగిల్లింది. బాబాయి సొరుగులన్నీ కలబెట్టి పొడుగాటి పాత వైరు ఒకటి పట్టుకొచ్చాడు. చెప్పడం ఆపొద్దని సైగ చేసి, మోకాళ్ల మీద కూర్చుని దాన్ని లాప్‌టాప్‌కు గుచ్చాడు. చేయి చాచి వైర్‌లెస్ ఆపేశాడు. ముఖాలన్నీ ఒక్కసారి బిగుసుకుపోయాయి. టీచరు కళ్లు మూసుకుంది. అంతలో ఒక పిల్ల గొంతు, మూడో లెక్క మళ్లీ చెప్పమని అడిగింది.

అంకె ఉన్నచోటే నిలిచింది. అయితే ఆ పాత వైరు చివర పట్టు విరిగిపోయి ఉంది, వదిలితే జారిపోతుంది. బాబాయి మిగిలిన అరగంటా మోకాళ్ల మీదే ఉండి దాన్ని వేళ్లతో నొక్కి పట్టుకున్నాడు. దర్జీ తొంగి చూసి, గుండుసూదులు తీసి ఏదో అనబోయి, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

క్లాసు అయ్యాక బాబాయి ఆ డ్రైవరు తీసేసి, అంతకుముందు వచ్చిన పాతది వెతికి పెట్టాడు. ఈసారి వైరు ముట్టుకోకుండా గంటన్నర నడిపి చూశాడు. అంకె ముప్పై దాటలేదు. అప్పుడు లాప్‌టాప్ తిరగేసి మూడు చీటీలనూ గోటితో గీకి తీశాడు.

“మీ తప్పేం లేదమ్మా. మొదట్నుంచీ లోపం దీన్లోనే ఉంది. నేనే చూడలేకపోయాను.”

టీచరు ఆ చీటీల వంక చూసింది. “మూడుసార్లు లోపం లేదని రాసిచ్చారండీ. అది చదివి మా ఆయన, అయితే లోపం నీలోనే ఉందన్నమాట అన్నారు. నవ్వుతూనే అన్నారు. పోనుపోను నాకూ నిజమేననిపించింది.”

బాబాయికి తన నవ్వు గుర్తొచ్చింది. వాళ్లాయన నంబరు అడిగి అక్కడికక్కడే ఫోన్ చేశాడు. లాప్‌టాప్‌లో మొదటి రోజు నుంచీ లోపం ఉందని, తెలియక లేదని రాసింది తానేనని, ఆవిడ వాడకంలో ఏ పొరపాటూ లేదని నసగకుండా చెప్పాడు. అంతా విని, ఫోన్ ఒకసారి ఆవిడకివ్వమని అడిగాడు వాళ్లాయన.

బాబాయి ఫోన్ చాచాడు. టీచరు అందుకోలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది.

“ఇంటికొచ్చాక మాట్లాడతానని చెప్పండి.”

బాబాయి అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పాడు.